అర్థాల బోర్డు

జిల్లా వసతుల సమన్వయ కార్యాలయంలో చీటీ లేని ఫైలు చివరిసారిగా కనిపించి మూడేళ్ళయింది. అదీ పొరపాటున. ఆ ఫైలు మీది ఎర్రచీటీ గమ్ము ఊడి దారిలో ఎక్కడో రాలిపోయింది. 'అర్జెంట్' అని లేని ఫైలు బల్ల మీదికి వచ్చేసరికి సెక్షన్‌లో అందరి గుండెలూ గుభేలుమన్నాయి. చీటీ కూడా అక్కర్లేకుండా వచ్చిందంటే ఎవరో చాలా పెద్దవాళ్ళ తాలూకు అయ్యుంటుందని భయపడి, చేతులు మార్చి రెండు రోజుల్లో సంతకం చేయించి పంపేశారు. తీరా చూస్తే అది డైరెక్టరు గారి గది కర్టెన్లు ఉతికించే విషయం.

దస్తగిరి ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, అదే బల్ల, కిటికీలోంచి కనిపించే అదే టీ బంకు. అతను చేరిన కొత్తలో 'అర్జెంట్' అనే చీటీ ఒక్కటే ఉండేది. నెలకు రెండో మూడో ఫైళ్ళకు అంటించేవారు. దాన్ని చూస్తే అప్పటి సూపరింటెండెంటు అన్నం మధ్యలోంచి లేచి చెయ్యి కడుక్కుని వచ్చేవాడు. పోనుపోను ఎవరి ఫైలు వాళ్ళకు ముద్దు కాబట్టి అన్నిటికీ అంటించడం మొదలైంది. అన్నీ అర్జెంటే అయినప్పుడు ఏదీ అర్జెంటు కాదు గనక 'మోస్ట్ అర్జెంట్' అచ్చేయించారు. ఏడాది తిరక్కుండా దానికీ అదే గతి పట్టింది. తర్వాత 'టాప్ మోస్ట్ అర్జెంట్' వచ్చింది. చివరికి ఎవరైనా వచ్చి తమ ఫైలు సంగతి అడిగితే "అదా, అర్జెంట్లో ఉందిలే" అని చెప్పడమూ, వాళ్ళు నిట్టూర్చి ఇంటికి పోవడమూ మామూలైపోయింది.

ఆ ఆఫీసులో ఇంకో ఆచారం కూడా ఉంది. డైరెక్టరు గారు ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ గుమాస్తా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి పంపాలి. డైరెక్టరు వైకుంఠరావు గారు గుర్తు కోసం వెతుకుతారు, గుర్తు మీద సంతకం చేస్తారు, కాగితం తిప్పుతారు. గుర్తుకు పైన ఏముందో చదివే అలవాటు ఆయనకు లేదు. ఒకసారి దస్తగిరి కొత్తగా చెక్కిన పెన్సిలు మొన ఎలా ఉందోనని ఆయన బల్ల మీది దినపత్రిక అంచున ఇంటూ గీశాడు. మర్నాడు చూస్తే అక్కడ పచ్చసిరాతో పూర్తి సంతకం, కింద తేదీ ఉన్నాయి.

దస్తగిరి బల్ల మీద ఆ మాఘమాసంలో పదకొండు చీటీలున్న ఫైలు ఒకటి ఉండేది. రాళ్ళవాగుపల్లె మంచినీళ్ళ మోటారు ఫైలు. ఊళ్ళో బోరుబావిలో మోటారు కాలిపోయి అప్పటికి ఏడు నెలలు. ఆడవాళ్ళు రెండు మైళ్ళ అవతల పొలంలో ఉన్న బోరు దగ్గరికి పోయి, కరెంటు ఉన్నప్పుడు నీళ్ళు పట్టుకొస్తున్నారు. ఎండాకాలం ముదిరితే ఆ పొలం బోరు కూడా ఎండిపోతుందని అందరికీ తెలుసు. ఆ ఊరి వార్డు మెంబరు బాలగురవమ్మ ప్రతి సోమవారం అర్జీల రోజున పొద్దుటి బస్సుకు వచ్చి, దస్తగిరి బల్ల ముందు నిలబడేది. అరవైకి దగ్గర పడిన మనిషి. గొంతు పెంచేది కాదు. గొంతు పెంచితే దస్తగిరికి ఇంత కష్టంగా ఉండేది కాదేమో.

"ఏమైంది నాయనా మా మోటారు?"

"త్వరలో వచ్చేస్తుందమ్మా."

"త్వరలో అంటే ఎన్ని నెల్లు?"

ఆమె అడిగిన తీరులో వెటకారం లేదు. ఊరికి పోయి చెప్పుకోవాలి గనక లెక్క అడిగిందంతే. దస్తగిరికి సిగ్గేసింది. చేసేది లేక పన్నెండో చీటీ అంటించాడు.

ఆ సోమవారం అర్జీల హాల్లో డైరెక్టరు గారే స్వయంగా కూర్చున్నారు. బాలగురవమ్మ వరసలో నిలబడి ఆయన ముందుకు వెళ్ళింది. వైకుంఠరావు గారు అర్జీ అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, "తక్షణమే చర్య తీసుకోబడుతుంది" అని సెలవిచ్చారు.

"పోయిన కార్తీకంలో గూడా మీరు ఇదే మాట చెప్పినారు సారూ" అంది బాలగురవమ్మ. "అంతకు ముందు దసరాకు గూడా ఇదే చెప్పినారు. నేను చదువుకోలేదు. తక్షణం అంటే మీ ఆఫీసులో ఏందో కొంచెం చెప్తే, మేం దాన్ని బట్టి కడవలు కొనుక్కుంటాం."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. విలేకరి ఒకతను రాసుకున్నాడు. వైకుంఠరావు గారి ముఖం కందగడ్డ అయింది.

ఇంకెవరైనా అయితే ఫైలెక్కడుందో తెప్పించమనేవారు. వైకుంఠరావు గారి బుర్ర మామూలు బుర్ర కాదు. ఆయన రెండు రోజులు గది తలుపులు వేసుకుని ఆలోచించారు. మూడోనాడు సిబ్బందినందరినీ పిలిచి, "సమస్య మోటారులో లేదు. సమస్య మాటలో ఉంది" అన్నారు. మాట తన అర్థాన్ని నిలబెట్టుకోలేకపోవడం వల్లే ప్రజల్లో అపార్థాలు వస్తున్నాయట. ఈ విషయం మీద శిక్షణ ఇప్పించడానికి రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ ఎలీషా మాస్టారిని పిలిపించారు.

ఎలీషా మాస్టారు బక్కపలచని మనిషి. పాఠం చెప్పి నాలుగేళ్ళయింది కాబట్టి, యాభై మంది ఎదురుగా కూర్చునేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మాటలు కాలక్రమంలో ఎలా తిరగబడతాయో చెప్పుకుపోయారు. ఇంగ్లీషులో 'నైస్' అంటే ఒకప్పుడు తెలివితక్కువవాడని. 'సిల్లీ' అంటే పుణ్యాత్ముడని. 'ఆఫుల్' అంటే చేతులెత్తి మొక్కాల్సినంత గొప్పదని. 'టెర్రిఫిక్' అంటే భయంతో వణికించేదని. ఇప్పుడు బెదిరించి ఏడిపించేవాణ్ణి అనే 'బుల్లీ' అన్న మాటతో ఒకప్పుడు ప్రియురాలిని పిలిచేవారట. టైపిస్టు ఝాన్సీ ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది.

"ఇంకో తమాషా ఉంది" అన్నారు మాస్టారు. "సూన్ అంటే ఇప్పుడు మనం కాసేపట్లో అనుకుంటాం. అది పుట్టినప్పుడు దానర్థం ఇప్పటికిప్పుడు అని. ప్రెజెంట్లీ అన్నా అంతే, వెంటనే అని. అనాన్ అన్నా అంతే. బై అండ్ బై అన్నా అంతే. 'వెంటనే' అని చెప్పడానికి వాళ్ళు ఏ మాట పుట్టించినా, నూరేళ్ళు తిరిగేసరికి అది 'తర్వాత' అయి కూర్చుంది. ఎందుకనుకుంటున్నారు?"

ఎందుకో ఆయన చెప్పబోయారు. చెప్పనిస్తేనా? వైకుంఠరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"అయితే తప్పు మనది కాదన్నమాట! ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్నదే ఇక్కడా జరుగుతోంది!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పంతొమ్మిదేళ్ళలో ఆ ఆఫీసు సిబ్బంది అంత మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టడం దస్తగిరి చూడలేదు. ఎలీషా మాస్టారికి శాలువా కప్పి, మిగతా వాక్యం ఆయన నోట్లో ఉండగానే రిక్షా ఎక్కించారు.

మర్నాడే, ఏ పదానికి ఏ అర్థమో తేల్చడానికి, పదార్థ నిర్ధారణ విభాగం ఏర్పాటైంది. దస్తగిరి చేతిరాత బాగుంటుందని అతన్నే దానికి ఇన్‌ఛార్జిని చేశారు. మొదటి సర్క్యులర్ వైకుంఠరావు గారు స్వయంగా చెప్పి రాయించారు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, 'అర్జెంట్' అను పదము వాడుకలో తన పూర్వార్థమును కోల్పోయి 'తీరుబడిగా చూడవచ్చును' అను అర్థమును సంతరించుకొనినందున, సదరు పరిణామమును ఈ కార్యాలయము సహృదయముతో గుర్తించుచున్నది. నిజముగా త్వరపడవలసిన ఫైళ్ళకు ఇకపై 'సాధారణం' అను తెల్లచీటీ అంటించవలెను."

దస్తగిరి పన్నెండు చీటీల్నీ వేడినీళ్ళతో ఊడదీసి, రాళ్ళవాగుపల్లె ఫైలుకు తెల్లచీటీ అంటించాడు. నిజం చెప్పొద్దూ, అతనికి కొంచెం ఆశ కలిగింది. ఆ ఆశ పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజుకు ఆఫీసులో ప్రతి ఫైలు మీదా 'సాధారణం' అని ఉంది. వాటి మధ్య రాళ్ళవాగుపల్లె ఫైలు మళ్ళీ అడుగున పడింది. అప్పుడు 'అనవసరం' అనే పసుపు చీటీ వచ్చింది. అందరూ తమ ఫైళ్ళు అనవసరమని పోటీలు పడి రాసుకున్నారు. తమ ఫైలు ఎంత అనవసరమో వివరిస్తూ కొందరు మూడేసి పేజీల నోట్లు జతచేశారు.

మాటలు ఇంత వేగంగా తిరగబడుతుంటే సర్క్యులర్లు ఆలస్యమవుతున్నాయని గ్రహించి, వైకుంఠరావు గారు వరండాలో నల్లబోర్డు పెట్టించారు. ప్రతి సోమవారం పదింటికి ఆ వారం ఏ మాటకు ఏ అర్థమో దస్తగిరి సుద్దముక్కతో దాని మీద రాయాలి. అర్జీలు పట్టుకొచ్చిన జనం మొదట ఆ బోర్డు ముందు గుమిగూడి, తమ కాగితంలోని మాటలు చూసుకుని, అవసరమైతే వేరే అర్జీ రాయించుకుని లోపలికి వచ్చేవారు. బోర్డు పక్కనే ఇద్దరు అర్జీలు రాసేవాళ్ళు కొత్తగా వెలిశారు.

టైపిస్టు ఝాన్సీ వాళ్ళ ఆడపడుచు సీమంతానికి సెలవు పెట్టింది. 'మంజూరు చేయడమైనది' అని ఆర్డరు వచ్చింది. సంతోషంగా పోయి, గాజులు వేయించుకుని వచ్చేసరికి అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు మెమో సిద్ధంగా ఉంది. ఆ వారం బోర్డులో 'మంజూరు' అంటే తిరస్కారం.

"వెళ్ళేముందు బోర్డు చూసుకోవద్దటమ్మా?" అన్నారు డైరెక్టరు గారు నొచ్చుకుంటూ. "ఉద్యోగస్తులకు భాష పట్ల కనీస బాధ్యత ఉండాలి."

వాచ్‌మన్ యేసోబు ఇరవై రెండేళ్ళుగా టెంపరరీ. ఇరవై రెండేళ్ళు కదలకుండా ఉన్నదాన్ని టెంపరరీ అనడం వాస్తవ విరుద్ధమని విభాగం తేల్చింది. 'టెంపరరీ' అనే మాటకే 'శాశ్వతం' అని అర్థం ఖాయం చేశారు. యేసోబు ఇంటికి పోయి పిల్లలకు మైసూరుపాకు పంచాడు. అతని ఉద్యోగంలో మారిందేమీ లేదు, జీతమూ మారలేదు. మారిందల్లా మిగతా పర్మనెంటు ఉద్యోగుల పరిస్థితి. తమ మాటకు ఇప్పుడు ఏ అర్థం మిగిలిందో తెలియక వాళ్ళు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

చైత్రం మధ్యలో రాజధాని నుంచి పెద్ద అధికారి ఒకాయన తనిఖీకి వచ్చారు. బోర్డు చూశారు, ఫైళ్ళ గుట్టలు చూశారు, అనవసరం చీటీలు చూశారు. సందర్శకుల పుస్తకంలో ఒకే వాక్యం రాసి, కాఫీ కూడా తాగకుండా కారెక్కి వెళ్ళిపోయారు. 'ఇంత దారుణమైన కార్యాలయాన్ని నా సర్వీసులో చూడలేదు.' సిబ్బంది నిలువునా నీరుకారిపోయారు. వైకుంఠరావు గారు మాత్రం తాపీగా వరండాలోకి వెళ్ళి, బోర్డు చూసి వచ్చారు. ఆ వారం 'దారుణం' అంటే 'అత్యుత్తమం'. ఆ వాక్యానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. అది చూసి పక్క జిల్లాల వాళ్ళు ఆయన్ని ఉపన్యాసాలకు పిలవడం మొదలుపెట్టారు.

ఇంత గొప్ప వైభవం మధ్యలో రాళ్ళవాగుపల్లె ఫైలు ఏడుసార్లు వెనక్కి వచ్చింది. ప్రతిసారీ ఒకటే అభ్యంతరం. 'ఈ నోటులోని పదములు వ్రాసిన తేదీనాటి అర్థములో వాడబడినవా, సమర్పించిన తేదీనాటి అర్థములో వాడబడినవా స్పష్టపరచవలెను.' దస్తగిరి స్పష్టపరిచి పంపేవాడు. అది డైరెక్టరు గారి బల్ల చేరేసరికి సోమవారం వచ్చేది, బోర్డు మారేది. ఆ బోర్డు రాసేది మళ్ళీ దస్తగిరే. తన చేత్తో తనే ఆ ఊరి గొంతు ఎండబెడుతున్నానని అతనికి తెలుసు. సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా చేతికి ఏదో అంటుకున్నట్టు అనిపించేది. ఎంత కడిగినా పోయేది కాదు.

వైశాఖం మొదటి సోమవారం బాలగురవమ్మ బల్ల ముందు నిలబడలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. దస్తగిరే లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఏమ్మా, లోపలికి రాలేదే?"

"మా అత్త పొలం గట్టు మీద కడవతో జారిపడింది నాయనా. తుంటి ఇరిగింది. కట్టు కట్టిచ్చి వచ్చినా." ఆమె బోర్డు వైపు చూసింది. "నాకు చదువు రాదు గదా. ఈ వారం ఏం రాసినారు దాని మీద? నీళ్ళు అన్న మాటకు గూడా అర్థం మార్చినారా?"

"లేదమ్మా" అన్నాడు దస్తగిరి.

"మార్చబాకండి. పొలం బోరు గూడా రెండు దినాల నుంచి గాలే వస్తా ఉంది. ఆ మాటొకటన్నా మాకు ఉండనియ్యండి."

అప్పుడే గేటులోంచి ఎలీషా మాస్టారు వచ్చారు. పెన్షన్ కాగితం మీద ఎవరిదో సంతకం కోసం వచ్చినవారల్లా, తన పాఠానికి పట్టిన గతి ఆ నల్లబోర్డు మీద చూసి నిలబడిపోయారు. పై నుంచి కింది దాకా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఆ రోజు నా వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదయ్యా మీరు" అన్నారు దస్తగిరితో. "వెంటనే అన్న మాట తర్వాత ఎందుకైందో చెప్పబోయాను. మాట దానంతటది చెడిపోదు. 'ఇదిగో, ఇప్పుడే వస్తున్నా' అన్నవాడు లేవలేదు. వాడి కొడుకూ లేవలేదు, మనవడూ లేవలేదు. పాపం, మాట ఎంతకాలమని నిలబడుతుంది? అదీ చతికిలబడింది. ఒక్కడు లేచుంటే దాని పరువు దక్కేది. మీరు మనుషుల్ని లేపకుండా మాటను కూర్చోబెట్టారు."

ఆయన తన కాగితం సంగతి మరిచిపోయి వెళ్ళిపోయారు. దస్తగిరి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా రాళ్ళవాగుపల్లె ఫైలు. అందులో ఏ మాట రాసినా అర్థం మారుతుంది. ఏ చీటీ అంటించినా అడుగుకు పోతుంది. అతను పెన్సిలు చెక్కుకున్నాడు. ఎందుకు చెక్కుతున్నాడో మొన తేలే దాకా అతనికే తెలియదు.

ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. దాని మీద ఒక్క అక్షరం రాయలేదు. ఊరి పేరు లేదు, విషయం లేదు, తేదీ లేదు. అడుగున కుడివైపు పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు. చీటీ లేని ఫైలు అట్టలో ఆ కాగితం ఒక్కటే పెట్టి లేచాడు. ఇది బయటపడితే పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం ఒక్క పూటలో పోతుంది. అయినా ఆగలేదు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు వైకుంఠరావు గారు. చీటీ లేని అట్టను చూసి ఆయన వెన్ను నిటారుగా అయింది. ఎవరో చాలా పెద్దవాళ్ళ తాలూకు అయ్యుంటుంది. ఇంకో మాట అడక్కుండా తెరిచారు. గుర్తు కోసం వెతికారు. దొరికింది. పచ్చసిరాతో సంతకం చేసి, కాగితం తిప్పి, తర్వాతి ఉపన్యాసం దిద్దుకోవడంలో పడిపోయారు.

దస్తగిరి దాని మీద గుండ్రటి సీలు వేసి, బాలగురవమ్మను వెంటబెట్టుకుని ఆఫీసు వెనక ఉన్న స్టోరుకు వెళ్ళాడు. స్టోర్ కీపరు ఆదాము కాగితం అందుకున్నాడు. సంతకం చూశాడు. సీలు చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"ఇందులో ఏమీ రాయలేదేంది సార్?"

"రాయలేదు."

"హమ్మయ్య" అన్నాడు ఆదాము. "అభ్యంతరం పెట్టడానికి ఏమీ లేదన్నమాట. రాసినకాడి నుంచీ వచ్చే తలనొప్పే గదా అంతా. ఏం కావాలమ్మా?"

మాటల మీద బాలగురవమ్మకు నమ్మకం పోయి చాలా రోజులైంది. స్టోరంతా కలయజూసి, మూలన మోటారు పట్టేంత పొడుగ్గా ఉన్న పెట్టె వైపు వేలు చూపించింది. ఆదాము దాని మీది గోనెపట్టా లాగి, దుమ్ము దులిపి, "ఇదా!" అన్నాడు. "దీని మీద ఊరి పేరు గూడా రాసుంది గదమ్మా. ఎనిమిది నెల్లుగా ఇక్కడే పడుంది. తీసుకుపోనీకి ఎవురూ రారేందా అనుకుంటా ఉండా."

పెట్టె మీద నల్లరంగుతో 'రాళ్ళవాగుపల్లె' అని పెద్దక్షరాలతో రాసుంది. దస్తగిరి ఆ అక్షరాల్ని చూస్తూ నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఆఫీసు వెనక్కి రాలేదు. అతని బల్ల నుంచి ఆ పెట్టె దాకా నూటయాభై అడుగులు ఉంటుందేమో. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నానికి ఊరి నుంచి ట్రాక్టరు వచ్చింది. మోటారు ఎక్కింది. మర్నాటి పొద్దుటికి రాళ్ళవాగుపల్లె కుళాయిలో నీళ్ళు వచ్చాయి.

ఇలాంటివి దాగవు. ఆ పేరున్న పెట్టె స్టోరులో లేదని వారం లోపలే తెలిసింది. దస్తగిరికి మెమో వచ్చింది. 'ఒకే పూటలో ఒక పనిని పూర్తిచేసి కార్యాలయ సంప్రదాయమునకు భంగము కలిగించినందులకు, తమపై ఏల చర్య తీసుకొనరాదో ఇరువది నాలుగు గంటలలో తెలుపవలెను.' ఇరవై నాలుగు గంటలంటే ఆ వారం ఎంతో అతను బోర్డు చూసుకోలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని, అడుగున పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, తనే పట్టుకెళ్ళి డైరెక్టరు గారి ముందు పెట్టాడు.

వైకుంఠరావు గారు గుర్తు వెతికారు, సంతకం చేశారు. అలవాటు ఎక్కడికి పోతుంది? చేసిన తర్వాత, ఆ గదిలో అడుగుపెట్టిన నాటి నుంచీ మొదటిసారిగా, సంతకానికి పైన ఏముందోనని చూశారు. ఏమీ లేదు. చాలాసేపు ఆ ఏమీ లేనిదాన్నే చూస్తూ ఉండిపోయారు. ఈలోగా దస్తగిరి ఇంట్లో వాళ్ళకు ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు.

"దస్తగిరీ" అన్నారాయన చివరికి. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా దీన్ని? అర్థం మారడానికి ఆస్కారమే లేని పత్రం! దీన్ని ఎవడు తిరగెయ్యగలడు?"

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. 'ఇకపై ఈ కార్యాలయమున సమస్త వ్యవహారములు ఖాళీ కాగితములపైననే నడుపబడవలెను.' సర్క్యులర్ కూడా ఖాళీగానే ఉండాలని కొందరు వాదించారు గానీ, అది తెలియజేయడం కష్టమని ఒప్పుకున్నారు. వరండాలో నల్లబోర్డు తుడిచేశారు. నిజానికి మొదటి వారం పనులు బాగానే జరిగాయి. రెండో వారానికి ఖాళీ ఫైళ్ళు గుట్టలు పడ్డాయి. ఏది ఎవరిదో తెలియలేదు. మూడో వారం ఎవరో బుర్ర ఉపయోగించి తన ఖాళీ ఫైలు మీద చిన్న ఎర్రచీటీ అంటించారు. 'అర్జెంట్.' నాలుగో వారానికి అన్నిటి మీదా ఎర్రచీటీలే. వైకుంఠరావు గారిని ఈ విజయం మీద మాట్లాడమని రాజధానికి పిలిచారు. ఆయన తెల్లకాగితాలు పట్టుకుని వెళ్ళారు.

ఆ తర్వాతి సోమవారం బాలగురవమ్మ వచ్చింది. అర్జీ తేలేదు. సీసా నిండా నీళ్ళు తెచ్చి దస్తగిరి బల్ల మీద పెట్టింది.

"మా ఊరి నీళ్ళు" అంది. "తాగి చూడు నాయనా. మా అత్త పంపిచ్చింది. మంచంలో నుంచి లేవలేదు గానీ, కుళాయి చప్పుడు వింటా ఉంది."

దస్తగిరి సీసా ఎత్తి తాగాడు. కొంచెం ఉప్పగా ఉన్నాయి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూడకుండా ముఖం తిప్పుకున్నాడు. ఏమనాలో తోచక, ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన మాటే అన్నాడు.

"కూర్చో అమ్మా. ఇప్పుడే టీ తెప్పిస్తా."

బాలగురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్ని నెలల్లో ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

"ఇప్పుడే అంటే నాయనా? మల్లా దసరాకా?"

దస్తగిరి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఫైళ్ళ గుట్టల మధ్యలోంచి దారి చేసుకుని, వరండా దిగి, రోడ్డు దాటాడు. బాలగురవమ్మ కొంగు సర్దుకుని బల్ల ముందరి బెంచీ మీద సరిగ్గా కూర్చునే లోపల, రెండు చేతుల్లో రెండు గ్లాసులతో, సగం తొణికిన టీతో తిరిగొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.